హెచ్‌ఐవీ పాజిటివ్ అని తెలిసిన మనవాళ్లకు తోడు నిలవడం ఎలా? (చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లకు)

"మా చిన్నాన్నకు పాజిటివ్ వచ్చింది, ఏం మాట్లాడాలో తెలియడం లేదు." "మా గదిలో ఉండే కుర్రాడు ఏవో మందులు దాచుకుని వేసుకుంటున్నాడు, అడగొచ్చా?" "గుంటూరులో మందులు తీసుకునే మా అక్క ఇప్పుడు మాధవరం వచ్చేసింది, ఇక్కడ ఇస్తారా?" "డిసెంబరు 1కి, ప్రపంచ ఎయిడ్స్ దినానికి, మేం పనిచేసే కట్టడం సైటులో ఏదైనా కార్యక్రమం పెడదామనుకుంటున్నాం, ఎలా?"

తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. అడిగేవాళ్లందరూ మంచి మనసుతోనే అడుగుతున్నారు. కానీ కంగారులో మొదటి వారమే చేయాల్సినవి వదిలేసి, చేయకూడనివి చేసేస్తున్నారు. అందుకే వరసగా రాస్తున్నాను. నేను చూసినంతలో ఈ జబ్బుతో ఉన్న మనిషిని నిలబెట్టేవి రెండు: గుట్టు బయటపడకపోవడం, మాత్ర తప్పకపోవడం. ఈ రెండూ గట్టిగా ఉంటే మిగతా ఓదార్పు దానంతటదే ఒంటబడుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ల్యాబ్ రిపోర్టు అసలు కాగితం. ఫోన్‌లో ఫొటో వద్దు.
- ఆధార్ లేదా మరో గుర్తింపు కార్డు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు.
- ఇంతకుముందు ఎక్కడైనా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచి ఉంచే మందులు) తీసుకుని ఉంటే ఆ సెంటర్ ఇచ్చిన గ్రీన్ బుక్, అంటే చికిత్స వివరాలు రాసే పుస్తకం.
- 1097. ఇది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఉచిత హెల్ప్‌లైన్. పేరు చెప్పనక్కర్లేదు.
- మీ వైపు నుంచి ఒక పూట సెలవు. ఆస్పత్రి పని గంటలో తేలదు.

1. తెలిసిన రోజు: తక్కువ మాట్లాడండి, పక్కన ఉండండి

మొదట అడగకూడని ప్రశ్న "ఎలా వచ్చింది?" అన్నది. మందు ఇవ్వడానికి డాక్టరుకే ఆ జవాబుతో పని లేదు, మీకు అసలే లేదు. "ఎవరి వల్ల?", "పిల్లల గురించి ఆలోచించలేదా?" అన్నవీ అలాంటివే. అవి ఒక్కసారి నోరు జారితే ఆ మనిషి మీతో మళ్లీ మనసు విప్పడు.

అనదగ్గ మాటలు చిన్నవి. "మామయ్యా, దీనికి మందు ఉంది, ఉచితంగా ఇస్తారు. రేపు ఇద్దరం కలిసి వెళ్దాం." "చెల్లీ, నాకు చెప్పి మంచిపని చేశావు. నువ్వు చెప్పమంటే తప్ప ఎవరికీ చెప్పను." తర్వాత కాఫీ పెట్టి, అదే కప్పులో ఎప్పటిలాగే ఇవ్వండి. మీరు జంకడం లేదని ఆ కప్పును బట్టే వాళ్లకు తెలుస్తుంది.

"ఏం కాదులే" అని కొట్టిపారేయకండి. వాళ్లకు అది పెద్ద విషయమే. ఏడిస్తే ఏడవనివ్వండి.

జాగ్రత్త: "ఇక బతికి ఏం లాభం" లాంటి మాట వినిపిస్తే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి మీ ఎదురుగానే మాట్లాడించండి. సూటిగా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడకండి. అడిగితేనే చెప్పుకుంటారు.

2. గుట్టు ఎవరెవరి దగ్గర ఉండాలో వాళ్లనే తేల్చమనండి

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నమ్మి చెప్పిన విషయాన్ని ఆ మనిషి రాతపూర్వక అంగీకారం లేకుండా మరొకరికి వెల్లడించకూడదని ఆ చట్టం చెబుతోంది. చట్టం సంగతి అటుంచినా, మన తెలుగు బస్తీల్లో కబురు ఎంత వేగంగా నడుస్తుందో మీకు తెలుసు. కొరుక్కుపేటలో పొద్దున అన్న మాట రాత్రికి సూళ్లూరుపేట చేరుతుంది.

నేను తరచుగా చూసే పొరపాట్లు:

రిపోర్టు ఫొటో తీసి "తెలిసిన డాక్టర్" ఒకరికి వాట్సాప్‌లో పంపడం. అది ఆయన దగ్గర ఆగుతుందన్న హామీ లేదు, మీ ఫోన్ గ్యాలరీలో మీ పిల్లలకూ కనబడుతుంది.

తమిళం రాదని పక్కింటాయననో, ఆటో అన్ననో దుబాసీగా తీసుకెళ్లడం. ఇది చెన్నైలో మనవాళ్లు చేసే అతి పెద్ద తప్పు. మీకు తమిళం వస్తే మీరే వెళ్లండి. రాకపోతే తెలుగు తెలిసిన కౌన్సిలర్‌గానీ నర్సుగానీ ఉన్నారా అని అక్కడే అడగండి. ఈ ఊరి ప్రభుత్వాసుపత్రుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఊళ్లో ఉన్న పెద్దాయనకు "మంచి కోసమే" చెప్పడం. ఎవరి మంచి కోసమో ముందు ఆ మనిషినే అడగండి.

మినహాయింపు ఒకటి ఉంది. భార్యకు లేదా భర్తకు తెలియాలి, పరీక్ష జరగాలి. అయినా ఆ మాట మీరు చెప్పకండి. కౌన్సిలర్ ముందు, ఆ మనిషి నోటితోనే చెప్పించండి. ఎలా చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో కౌన్సిలర్లకు బాగా తెలుసు.

3. పరీక్ష ఖాయం చేసుకోండి

ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్క స్ట్రిప్ మీద గీత పడగానే ఖాయం అనుకోకూడదు. ప్రభుత్వ ఐసీటీసీలో (కౌన్సెలింగ్ ఇచ్చి పరీక్ష చేసే కేంద్రం) మూడు వేర్వేరు రకాల కిట్లతో చూసి, మూడూ పాజిటివ్ అయితేనే పాజిటివ్ అంటారు. పరీక్ష ఉచితం. ముందు కౌన్సెలింగ్, అంగీకారం, ఫలితం తర్వాత మళ్లీ కౌన్సెలింగ్ ఉంటాయి. తమిళనాడులో ఈ కేంద్రానికి "నంబిక్కై మైయం" అని బోర్డు ఉంటుంది. ఐసీటీసీ అంటే దారి చెప్పలేని సెక్యూరిటీ కూడా ఈ పేరు చెబితే చూపిస్తాడు.

ఫలితం వాళ్ల చేతికే ఇస్తారు. మీరు బయట బెంచీ మీద కూర్చోండి. లోపలికి రమ్మంటేనే వెళ్లండి.

నెగెటివ్ వచ్చిందనుకోండి. వైరస్ సోకే అవకాశమున్న ఘటన జరిగి ఇంకా మూడు నెలలు కాకపోతే మళ్లీ ఒకసారి చేయించుకోవాలి. అది జరిగి 72 గంటలు దాటకపోతే మాత్రం పరీక్ష కోసం ఎదురుచూడకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తండి. 28 రోజుల నివారణ మందులు ఉన్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. సూది గుచ్చుకున్న నర్సులకూ, అత్యాచారానికి గురైనవాళ్లకూ ఈ గడువు తెలియక జరిగే నష్టం చాలా ఉంది.

4. ఏఆర్‌టీ సెంటర్‌లో నమోదు

పాజిటివ్ ఖాయమైతే ఐసీటీసీ వాళ్లే ఏఆర్‌టీ సెంటర్‌కి రాసిస్తారు. తమిళంలో "కూట్టు మరుందు" సెంటర్ అంటారు. ఊరి మధ్యలో ఉన్నవాళ్లకు సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రి (అందరూ జీహెచ్ అనేది దాన్నే), రాయపురం, తండయార్‌పేట వైపు స్టాన్లీ, అటు కీళ్పాక్ ప్రభుత్వాసుపత్రి, దక్షిణాన తాంబరం ఛాతీ ఆస్పత్రి. తాంబరానికి బీచ్ నుంచి వెళ్లే లోకల్‌లో ఎక్కి "తాంబరం శానటోరియం" స్టేషన్‌లో దిగాలి.

తెలుగువాళ్లకు తాంబరం కొత్త కాదు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టకముందు నుంచీ, సొంత ఊళ్లో తలుపులు మూసుకుపోయినవాళ్లు ఆంధ్ర జిల్లాల నుంచి రైలెక్కి అక్కడికే వచ్చేవాళ్లు. మన దేశంలో ఈ వైరస్‌ను మొదట గుర్తించిందీ ఈ నగరం వాళ్లే. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన నమూనాల్లో బయటపడింది. పాజిటివ్ వ్యక్తుల సంఘాలు కూడా ఇక్కడే పుట్టాయి: దేశవ్యాప్త సంఘం ఐఎన్‌పీ ప్లస్ 1997లో, పాజిటివ్ మహిళల నెట్‌వర్క్ 1998లో. చెన్నైలో జబ్బు తెలిసిన మనిషికి "నువ్వు మొదటివాడివి కాదు, ఇక్కడివాళ్లకు దీన్ని చూసుకోవడం బాగా తెలుసు" అని నమ్మకంగా చెప్పొచ్చు.

మొదటి రోజు రక్తపరీక్షలు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), టీబీ లక్షణాల పరిశీలన ఉంటాయి. సీడీ4 ఎంత ఉన్నా మందు మొదలుపెట్టాలన్నది 2017 నుంచి నియమం. "ఒంట్లో బాగానే ఉంది కదా, తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోకండి.

జాగ్రత్త: దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా దాచకుండా చెప్పించండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణం ఎక్కువగా తీసేది టీబీయే. టీబీ ఉంటే ముందు దాని మందులు మొదలుపెట్టి, తర్వాత ఏఆర్‌టీ కలుపుతారు. అప్పుడు రోజుకు ఒక మాత్ర అదనంగా ఇచ్చినా జబ్బు ముదిరిందని కంగారు పడొద్దు. టీబీ మందు, ఏఆర్‌టీలో ఉండే డోలుటెగ్రావిర్ అనే మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి మోతాదు పెంచుతారు.

ఆంధ్రలోనో తెలంగాణలోనో ఇప్పటికే మందులు వాడుతూ ఇక్కడికి వచ్చినవాళ్లు పాత సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ రాయించుకుని రావడం మేలు. రాయించుకోకుండా వచ్చేసి ఉంటే గ్రీన్ బుక్ పట్టుకుని ఇక్కడి సెంటర్‌కి వెళ్లండి, మాత్రలు అయిపోయేదాకా ఆగకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ వాడేవాళ్లకు పింఛను ఉంది. అది తీసుకుంటున్నవాళ్లు సెంటర్ మార్చుకుంటే పింఛను ఏమవుతుందో పాత కౌన్సిలర్‌ని ముందే అడగాలి. అది పోతుందేమోనన్న భయంతో ఇక్కడ నమోదు మానేసి మందులే ఆపేసినవాళ్లున్నారు.

5. మాత్ర

ఎక్కువమందికి ఇప్పుడు రోజుకు ఒకే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. రోజూ ఒకే వేళకు, జీవితాంతం.

వేళను మనిషి పనిని బట్టి ఎంచుకోవాలి. నైట్ షిఫ్టు ఉన్న సెక్యూరిటీ గార్డుకు "రాత్రి 9" పనికిరాదు. డ్యూటీకి బయల్దేరే ముందు భోజనమో, పొద్దున పళ్లు తోమడమో, తప్పనిసరిగా జరిగే పనికి దాన్ని ముడిపెట్టండి. ఫోన్ అలారానికి "మాత్ర" అని పేరు పెట్టొద్దు, గదిలో నలుగురూ చూస్తారు. ఉమ్మడి గదిలో ఉండేవాళ్లు డబ్బా మీది లేబుల్ తీసేసి విటమిన్ సీసాలో పోసుకుంటుంటారు. అది అంత మంచి పద్ధతి కాదు, మాత్రలు చెమ్మకు పాడవుతాయి. అసలు డబ్బానే చిన్న జిప్ సంచిలో పెట్టి బట్టల పెట్టెలో ఉంచుకోమనండి.

మరిచిపోతే గుర్తురాగానే వేసుకోవాలి. మర్నాడు రెండు కలిపి మింగకూడదు.

గ్యాస్‌కు వాడే యాంటాసిడ్ మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు దీన్ని ఒంటికి పట్టనివ్వవు. వాటికి 2 గంటల ముందుగానీ 6 గంటల తర్వాతగానీ ఏఆర్‌టీ మాత్ర వేసుకోవాలి. గర్భిణులకు ఐరన్ తప్పదు కాబట్టి ఈ సంగతి వాళ్లకు మరీ ముఖ్యం.

మొదటి వారాల్లో తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. చాలామందికి తగ్గిపోతాయి. నిద్ర పట్టకపోతే వేళ మార్చుకోవచ్చా అని డాక్టర్‌ని అడిగించండి. ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే అదే రోజు సెంటర్‌కి తీసుకెళ్లండి. సొంతంగా ఆపడం మాత్రం వద్దు.

ఇక నాటుమందులు. "41 రోజుల్లో నెగెటివ్" అంటూ ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. హెచ్‌ఐవీని నయం చేస్తానని మందు ప్రచారం చేసుకోవడానికి మన చట్టాలు ఒప్పుకోవు. ఆ మందు కోసం పుస్తెలు అమ్ముకుని, అదే సమయంలో ఏఆర్‌టీ ఆపేసిన ఇళ్లున్నాయి. దేవుడి మొక్కు, విభూతి, ప్రార్థన ఏదైనా సరే, దానివల్ల ధైర్యం వస్తే కాదనకండి. మాత్ర మాత్రం సాగాలి. "మొక్కు తీర్చుకుందాం, మాత్ర కూడా వేసుకుందాం" అంటే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఉండే రోజులకన్నా వారం ఎక్కువ సరిపడా మాత్రలు పెట్టుకోవాలి. తిరుగు టికెట్టు దొరకదు, పెళ్లి పనులు పడతాయి. నిలకడగా ఉన్నవాళ్లకు కొన్ని నెలల మందులు ఒకేసారి ఇస్తారు, అడగండి.

6. ఇంట్లో

కలిసి తినొచ్చు, ఒకే బాత్రూమ్ వాడొచ్చు, పిల్లల్ని ఎత్తుకోనివ్వొచ్చు, వాళ్లు వండింది తినొచ్చు. దోమ వల్ల, దగ్గు వల్ల, చెమట వల్ల, కన్నీళ్ల వల్ల రాదు. రక్తం, వీర్యం, యోని స్రావాలు, తల్లిపాలు, ఇవే దారులు. అందుకే బ్లేడు, రేజరు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. గాయమై రక్తం కారితే చేతికి గ్లౌజుగానీ ప్లాస్టిక్ కవరుగానీ వేసుకుని తుడిచి, ఆ చోటు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో కడిగితే చాలు.

విడిగా కంచం, విడిగా గ్లాసు పెట్టే ఇళ్లను చూస్తే నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలుగుతుంది. ఆ గ్లాసు మనిషిని జబ్బుకన్నా ముందు పడేస్తుంది. ఇంట్లో పెద్దావిడ భయపడుతుంటే వాదించకండి. ఆవిడ ఎదురుగా మీరే ఆ కంచంలో తినండి, మరుసటిసారి సెంటర్‌కి ఆవిడనూ తీసుకెళ్లి కౌన్సిలర్‌తో మాట్లాడించండి.

భార్య గర్భవతి అయితే భయపడి బిడ్డను వద్దనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏమీ చేయకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. మందులు సరిగ్గా వాడితే 5 కన్నా తగ్గుతుంది. బిడ్డకు పుట్టగానే నివారణ మందు, 6 వారాలకు పరీక్ష, 18 నెలలకు చివరి పరీక్ష ఉంటాయి. మధ్యలో ఊరెళ్లిపోయి ఆ చివరి పరీక్ష మానేయడం తరచుగా జరిగే తప్పు.

భర్త పోయాక కోడలిని "నీవల్లే" అని వెళ్లగొట్టడం నేటికీ జరుగుతోంది. అదే 2017 చట్టం హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయాలి.

7. ఆరో నెల: పని చేస్తోందో లేదో చూసుకోవడం

బరువు పెరగడం, ఆకలి వేయడం మంచి గుర్తులే, కానీ వాటిని బట్టి తేల్చకూడదు. మందు మొదలుపెట్టాక 6 నెలలకు, 12 నెలలకు, తర్వాత ఏటా వైరల్ లోడ్ పరీక్ష (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది) ఉంటుంది. ఉచితం. 1000 లోపు ఉంటే వైరస్ అణిగి ఉందని అర్థం. 1000 దాటితే తిట్టడం మొదలుపెట్టకండి. మాత్రలు ఎప్పుడెప్పుడు తప్పాయో నిజం చెప్పగలిగేలా అడగండి. మాత్రలు సరిగ్గా వేయించి మళ్లీ చూస్తారు, అప్పటికీ తగ్గకపోతే మందు మారుస్తారు.

పరీక్షలో వైరస్ అసలు కనబడని స్థితికి చేరి, మందులు తప్పకుండా వాడుతున్న మనిషి నుంచి శృంగారం ద్వారా వైరస్ అంటదు. ఈ ఒక్క విషయం ఎన్నో కాపురాలకు ప్రాణం పోసింది. తప్పకుండా చెప్పండి. నయమైపోయిందని మాత్రం కాదు, ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది. కండోమ్ ఇతర సుఖవ్యాధులను కూడా ఆపుతుంది కాబట్టి అది ఎప్పుడూ మంచిదే.

ఈ సమయానికి మొదట్లో చుట్టూ ఉన్నవాళ్లు పలచబడతారు. నా లెక్కలో మీ అవసరం ఎక్కువగా ఉండేది ఇప్పుడే. జబ్బు ఊసెత్తకుండా ఫోన్ చేయండి, మెరీనాకు రమ్మనండి, గృహప్రవేశానికి పిలిచి వడ్డన పని అప్పగించండి.

8. సైటులో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో అవగాహన కార్యక్రమం

2000ల మొదట్లో ఆంధ్ర అంతటా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ఎయిడ్స్ అవగాహన హోర్డింగులు ఉండేవి. ఆ ప్రశ్న గుర్తులేని తెలుగువాడు ఆ తరంలో లేడు. జవాబు ఎందరికి గుర్తుందో అడిగి చూడండి. కాబట్టి నినాదం మీద కన్నా జవాబుల మీద శ్రమ పెట్టండి.

- 20 నిమిషాలు చాలు. పని దిగే వేళ వద్దు, టీ వేళ పెట్టండి. ఆడవాళ్లకు విడిగా ఒకసారి పెడితే ప్రశ్నలు వస్తాయి.
- ముందురోజే ఒక మూసిన డబ్బా పెట్టి పేర్లు లేని చీటీలు వేయమనండి. చదవడం రానివాళ్ల కోసం అదే రాత్రి విడిగా మాట్లాడే ఒకరిని ఏర్పాటు చేయండి.
- ఎండిపోయిన మనుషుల ఫొటోలు, పుర్రె బొమ్మలు వద్దు. వాటిని చూసినవాడు పరీక్షకు వెళ్లడు, దాక్కుంటాడు.
- పాజిటివ్ వ్యక్తిని వేదిక ఎక్కించి కథ చెప్పించాలని ఒత్తిడి చేయొద్దు. సంఘాల ద్వారా, వాళ్లంతట వాళ్లు ముందుకొస్తేనే.
- పరీక్ష శిబిరం పెట్టాలంటే తమిళనాడు ఎయిడ్స్ నియంత్రణ సంస్థనుగానీ దగ్గర్లోని నంబిక్కై మైయంనుగానీ అడగండి. మేస్త్రీ వరసగా నిలబెట్టి "అందరూ చేయించుకోండి" అంటే అది బలవంతమే. ఉద్యోగానికి షరతుగా ఈ పరీక్ష అడగడాన్ని చట్టం నిషేధించింది.

ఫలితం చూసుకోవడానికి "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. బదులుగా ఇలా అడగండి: "మన క్యాంటీన్‌లో ఇడ్లీ వేసే ఆయనకు హెచ్‌ఐవీ ఉందని తెలిస్తే రేపు తింటారా?" "రోజూ మందులు వాడుతూ వైరస్ కనబడని మనిషి పెళ్లి చేసుకోవచ్చా?" "నిన్న రాత్రి కండోమ్ చినిగింది, ఎన్ని గంటల్లో ఆస్పత్రికి వెళ్లాలి?" జవాబుల్లో తడబాటు ఎక్కడుందో అక్కడే మళ్లీ చెప్పండి.

అయిపోయాక వెంటనే వెళ్లిపోకుండా అరగంట అక్కడే ఉండండి. అసలు ప్రశ్న ఉన్నవాళ్లు అందరూ వెళ్లాక వస్తారు. ఎందుకు అడుగుతున్నారని ఆరా తీయకుండా 1097 నంబరు, దగ్గరి కేంద్రం పేరు ఇవ్వండి. మీకు జవాబు తెలియని చీటీలను ఊహించి చదవకండి. వాటిని కౌన్సిలర్ దగ్గరికి పట్టుకెళ్లి, వచ్చే వారం జవాబులు తెచ్చి అదే చోట చెప్పండి.